మేమెవ్వరం చూడని సముద్రం

నా చిన్నప్పుడు ఏడో తరగతికి కూడా పబ్లిక్ పరీక్షలు ఉండేవి. ఏలూరులో మా బడి ఒక మూల, పరీక్ష సెంటరు ఇంకో మూల. మా వీధి పిల్లలందరినీ పక్కింటి అక్క తీసుకెళ్ళి తీసుకొచ్చేది. అక్క టైలరు సాయిబుగారి పెద్దమ్మాయి, ఇంటర్ చదువుతోంది. తన పరీక్షలు అప్పటికే అయిపోయాయి. అమ్మానాన్నల మాట కన్నా అక్క మాటంటేనే మాకు గురి. తను ఎవరినీ గట్టిగా కసరగా నేను వినలేదు.

మాలో ఒక పిల్ల కొల్లేటి లంక నుంచి వచ్చింది. మా వీధిలో వాళ్ళ పిన్నిగారింట్లో ఉండి చదువుకునేది. ఏడో తరగతి గట్టెక్కితేనే హైస్కూలుకు పంపుతానని, లేదంటే ఊరికి తీసుకుపోతానని వాళ్ళ నాన్న ముందే చెప్పేశాడు. ఆ సంగతి మా అందరికీ తెలుసు. పరీక్షలు దగ్గరపడేకొద్దీ ఆ పిల్ల నిద్రలో కూడా పాఠాలు కలవరించేదట.

మొదటి రోజు తెలుగు. పేపరు అవగానే గేటు బయట సోడా బండి దగ్గర చేరాం. పరీక్ష రాయడం ఒక ఎత్తయితే, బయటకొచ్చి జవాబులు సరిచూసుకోవడం ఇంకో ఎత్తు. క్లాసు ఫస్టు వచ్చే కుర్రాడు ప్రశ్నపత్రం విప్పి ఒక్కో బిట్టుకూ జవాబు చదువుతుంటే మేమంతా మునివేళ్ళ మీద లేచి వినేవాళ్ళం. వాడు చెప్పిందే వేదం. వాడి జవాబుతో కలిస్తే ప్రాణం లేచొచ్చేది, కలవకపోతే ఆ పూట అన్నం సహించేది కాదు.

లంక పిల్లవి బిట్లు చాలావరకు కలిశాయి. తర్వాత వ్యాసం సంగతి వచ్చింది. ‘మీరు చూసిన ఒక అందమైన ప్రదేశాన్ని గురించి రాయండి’ అన్నది ప్రశ్న. మా గైడులో దానికి సముద్రతీరం మీద ఒక వ్యాసం తయారుగా ఉంది. అందరం ముందునుంచే బట్టీ కొట్టాం కాబట్టి అందరం సముద్రమే రాసేశాం. ఆ పిల్ల మాత్రం వాళ్ళ ఊరి గూడబాతుల గురించి రాశానంది. ముక్కు కింద సంచీ వేలాడే పెద్ద పక్షులవి.

“గూడబాతులు గైడులో లేవు కదా. వ్యాసానికే ఎక్కువ మార్కులు. అంతా పోయినట్టే” అన్నాడు ఫస్టు కుర్రాడు. వాడు చెడ్డవాడేం కాదు, నిజంగానే జాలిపడ్డాడు. మాకెవరికీ ఆ మాట మీద అనుమానం రాలేదు. గైడులో ఉన్నది ఒప్పు, లేనిది తప్పు. లెక్కలకైనా వ్యాసాలకైనా మాకు తెలిసిన పద్ధతి అదొక్కటే.

ఆ పిల్ల మొహం పాలిపోయింది. రేపు లెక్కల పరీక్షకు రానని, సాయంత్రం బస్సుకే ఊరెళ్ళిపోతానని చెప్పి గోడవారగా కూలబడి ఏడవడం మొదలుపెట్టింది.

అక్క బుజ్జగించలేదు. ఓణీ చెంగు దోపుకుని అక్కడున్న బల్ల మీద కూర్చుని, “సరే, వ్యాసం కూడా సరిచూద్దాం. మీ సముద్రం చెప్పండి” అంది. ఫస్టు కుర్రాడు అందుకున్నాడు. రెండో వాక్యానికల్లా అందరం ఎక్కాలు అప్పజెప్పినట్టు గొంతు కలిపాం. ఎగసిపడే కెరటాలు, బంగారు కిరణాలు, ఆనందడోలికలు అన్నీ వరసగా వచ్చేశాయి. ఆనందడోలికలంటే ఏమిటో నాకు ఇప్పటికీ సరిగ్గా తెలియదు. అక్క అంతా విని, “బావుంది. ఎవరితో వెళ్ళారేంటి? నీళ్ళు చల్లగా ఉన్నాయా?” అని మామూలుగా అడిగింది. మాలో సముద్రం చూసినవాళ్ళు ఒక్కరూ లేరు.

“ఇప్పుడు నువ్వు చెప్పమ్మా” అని లంక పిల్ల వైపు తిరిగింది.

ముక్కు ఎగబీలుస్తూనే మొదలుపెట్టింది ఆ పిల్ల. తెల్లవారుతుండగా వాళ్ళమ్మతో దోనెలో గడ్డి కోసుకురావడానికి వెళ్ళేదట. గూడబాతులు వరసకట్టి, వాళ్ళ ఊరి మగవాళ్ళు వలతో తోలినట్టే, చేపల్ని లోతులేని చోటికి తోలుకొచ్చేవట. అవి తినడం అయ్యేదాకా వాళ్ళమ్మ గెడకర్ర వేయకుండా దోనెను ఆపి ఉంచేదట. చెబుతూ చెబుతూ ఏడుపు మర్చిపోయింది. సోడా బండాయన సోడాలు కొట్టడం ఆపేశాడు. “మరి పిల్లలకెలా పెడతాయి?” అని ఫస్టు కుర్రాడు అడిగాడు. వాడు ఇంకొకళ్ళని ఒక జవాబు అడగడం మేము మొదటిసారి అప్పుడే చూశాం. పిల్లలు తల్లి నోట్లోకి తల దూర్చి తింటాయని ఆ పిల్ల తన చెయ్యి ముడిచి చూపించింది.

ఆ వ్యాసం తప్పనీ ఒప్పనీ అక్క ఒక్క ముక్క అనలేదు. “పరీక్షలయ్యాక మమ్మల్నందరినీ అక్కడికి తీసుకెళ్ళు. నువ్వు ఇవాళే వెళ్ళిపోతే మాకు దారెవరు చూపిస్తారు?” అంది.

ఆ పిల్ల మా అందరినీ వేలితో లెక్కపెట్టింది. “దోనెలో ఇంతమంది పట్టరక్కా. రెండుసార్లుగా వెళ్ళాలి” అంది. రేపు లెక్కల పరీక్షకు వస్తుందని నాకప్పుడు అర్థమైంది.

వచ్చింది, రాసింది, పాసయింది, హైస్కూల్లో నా పక్కనే కూర్చుంది. ఆ వ్యాసానికి ఎన్ని మార్కులు వేశారో మాకు తెలిసే వీల్లేకపోయింది. సెలవుల్లో అక్క మమ్మల్ని నిజంగానే లంకకు తీసుకెళ్ళింది. గూడబాతులు అప్పటికే వలస వెళ్ళిపోయాయి. అయినా ఆ పిల్ల ఖాళీ నీళ్ళ మీదికి చెయ్యి చాపి చూపిస్తుంటే అందరం నోళ్ళు తెరుచుకుని చూశాం.

అక్కను తలుచుకుంటే ఈ వయసులో కూడా నాకు ఆశ్చర్యమే. జాలి పడకుండా, నీతులు చెప్పకుండా, ఏడుస్తున్న పిల్లను అందరికీ కావలసిన మనిషిని చేసేసింది. ఇంటర్ చదివే పిల్లకు అంత మనసెలా వచ్చిందో.

ఇప్పుడు నా మనవరాలు పరీక్ష రాసి వస్తూనే ఫోనులో స్నేహితులతో జవాబులు సరిచూసుకుంటుంది. దాని మొహం వాడిపోయిందంటే ఫోను పక్కన పెట్టించి, ఏం రాశావో నాకు చెప్పమంటాను. “తప్పని తెలిశాక చెప్పి ఏం లాభం అమ్మమ్మా” అంటుంది. అంటూనే మొదలుపెడుతుంది. అది చెప్పడం అయ్యేదాకా, పొయ్యి మీద ఏమున్నా సరే, నేను అక్కణ్ణుంచి లేవను.