టెంటులో వకీలు, రిమాండులో క్లయింటు

2010లో నన్ను మేడ్చల్ మెజిస్ట్రేటు కోర్టుకు అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్‌గా వేశారు. పోలీసులు పెట్టిన కేసులను ప్రభుత్వం తరఫున నడపడం, అవసరమైతే ముద్దాయిల బెయిలును వ్యతిరేకించడం మా పని. నాది గుంటూరు జిల్లా. అప్పటికి ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం జోరు మీదుంది. వకీళ్లు కోర్టును బహిష్కరించి గేటు ముందు టెంటు వేశారు.

ఆ టెంటుకు పెద్ద యాదగిరి. మంచి క్రిమినల్ లాయరు, గొంతున్న మనిషి, ఎమ్మెల్యే కావాలని గట్టి కోరిక. పొద్దంతా మైకులో మా ప్రాంతం వాళ్లను దుమ్మెత్తిపోసేవాడు. టీ దగ్గర మాత్రం "గది మైకుల ముచ్చట, మనసుల వెట్టుకోకు అన్నా" అనేవాడు. నేను పెట్టుకోలేదు. తిట్టేటప్పుడు అతను మా జిల్లా ఊళ్లను పక్క జిల్లావని చెప్పేయడమే కష్టంగా ఉండేది.

అతని క్లయింటు జహంగీర్ తూంకుంట, శామీర్‌పేట మధ్య ఆటో నడిపేవాడు. స్టాండులో గొడవపడి ఒకడి చెయ్యి ఇనుప రాడ్డుతో విరగ్గొట్టాడని రిమాండులో పెట్టారు. బహిష్కరణకు ముందే యాదగిరి బెయిలు పిటిషన్ వేశాడు. వాదించడానికి మాత్రం లోపలికి రాలేడు. కోర్టులో అడుగుపెట్టిన వకీలుకు గాజులు తొడుగుతామని మైకులో ప్రకటించింది తానే. పిటిషన్ వాయిదాల మీద వాయిదాలు పడింది.

ఒకరోజు జహంగీర్ భార్య రెహానా నా దగ్గరికి వచ్చింది.

"సార్, మా వకీల్ సాబ్ టెంట్ల కూసున్నడు, మా ఆయన జైల్ల కూసున్నడు. శుక్రారం దాంక సూసి ఆటో ఇంకోనికిస్తనంటాండు సేటు. ఇగ లోపల మాట్లాడెటోళ్లు మీరొక్కరే ఉన్నరు."

నేను అవతలి పక్షమని ఆమెకు ఎవరూ చెప్పినట్టు లేదు. నవ్వొచ్చింది, వెంటనే యాదగిరి మీద ఒళ్లు మండింది. వెళ్లి అడిగాను.

"నువ్వు అపోజ్ జెయ్యకు అన్నా, మిగిలింది నేను జూస్కుంట" అన్నాడు. మిగిలేదేమిటో నాకు అర్థం కాలేదు.

కేసు డైరీ తెప్పించుకుని చదివాను. దర్యాప్తు పూర్తయింది, దెబ్బ తిన్నవాడు ఆసుపత్రి నుంచి ఇంటికి చేరాడు. ముద్దాయిని ఇంకా లోపల ఉంచడానికి కారణం కనపడలేదు. రిమాండు పొడిగింపుకు జహంగీర్‌ను తెచ్చిన రోజు, నీ వకీలు ఏడని మెజిస్ట్రేటు అడిగారు. "బయట మైకుల మాట్లాడుతుండు సార్" అన్నాడు. బెయిలుకు అభ్యంతరం లేదని చెప్పి కూర్చున్నాను. బెయిలు వచ్చింది. బంధువులు జామీను ఉన్నారు. శుక్రవారం లోపే మనిషి బయటపడ్డాడు, ఆటో నిలిచింది.

యాదగిరి అతన్ని టెంటులోకి పిలిచి, మెడలో దండ వేసి, ఉద్యమం కోసం జైలుకెళ్లిన బిడ్డ అని పరిచయం చేశాడు. జహంగీర్ తెల్లబోయి చూశాడు గానీ దండ తీయలేదు.

2014లో యాదగిరికి ఎమ్మెల్యే టికెట్ దొరకలేదు. జెడ్పీటీసీకి నిలబడ్డాడు. జహంగీర్ ఆటోకే మైకు కట్టారు. అది మా కాలనీకీ వచ్చింది. నన్ను చూసి జహంగీర్ బండి ఆపి, ఎంతో మర్యాదగా దండం పెట్టాడు.

"సార్, జర మా వకీల్ సాబ్‌ను యాద్ పెట్టుకోండ్రి. గప్పుడు నన్ను జైలు నుంచి తెచ్చింది ఆయననే."

యాదగిరి గెలిచాడు. ప్రాసిక్యూటరు ఉద్యోగంలో మేలు చేయడమంటే చాలాసార్లు నోరు మూసుకుని కూర్చోవడమే. దానికి సాక్షులు దొరకరు. మైకు ఉన్నవాడికి ఆ ఇబ్బంది లేదు.