చూసినవాళ్లకే కబురు

ఆఫీసులో ఆమెని అందరూ చాటింపు అనేవారు. తప్పు ఆమె నోటిది కాదు, ఆమె రాసిన ప్రోగ్రాంది. ఎవరింట్లో వాళ్లుండి బొమ్మల రూపంలో చేరే నాట్యశాల ఒకటి కంప్యూటర్ లోపల ఉంది. అందులో ఒకరు వేలు కదిపితే చాలు, ఆ సంగతిని ప్రోగ్రాం హాల్లో ఉన్న ప్రతి ఒక్కరికీ మోసేది. పదిమంది ఉంటే పండగే. వందలమంది చేరి తలా ఓ చెయ్యి ఊపితే అందరి కబుర్లూ అందరికీ మోయలేక సర్వర్ చేతులెత్తేసేది. హాలంతా బొమ్మల కొట్టులా బిగుసుకుపోయేది.

ఈ ఆదివారం మాత్రం బిగుసుకుంటే కుదరదు. ఒకప్పుడు నాట్యం నేర్పి, మోకాళ్లు అరిగి ఆట మానేసిన చాటింపు నాన్నమ్మ, పాత శిష్యులందరి ముందు మళ్లీ ఒక్కసారి ఆడబోతోంది. కదలికల్ని పసిగట్టే పట్టీలు ఒంటికి కట్టుకుని కుర్చీలోనే చేతులూ పాదాలూ కదిపితే, లోపల ఆమె బొమ్మ ఎగిరి ఆడుతుంది.

అందుకని చాటింపు తెగ ఆలోచించి, ఎవరికైనా హాల్లో వాళ్ల పక్కనున్నవాళ్ల కబుర్లే పంపి దూరంవాళ్లవి కత్తిరించింది. సర్వర్ హాయిగా ఊపిరి పీల్చుకుంది. తన తెలివికి తనే మురిసిపోయి కుర్చీలో గిర్రున తిరిగింది.

ఆదివారం హాలు కిటకిటలాడింది. నాన్నమ్మ వేదికెక్కి కాలెత్తింది. ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉండిపోయింది.

"టీచర్‌గారు కాలు దించరేంటండీ?" అన్నారెవరో వెనక వరసలో.

"కొత్త భంగిమేమో, మాట్లాడకండి!"

ఇంట్లో నాన్నమ్మ పక్కగదిలో కూర్చున్న చాటింపుకి ముచ్చెమటలు పట్టాయి. వేదిక అందరికీ దూరమే కదా! అయినా అందరి కళ్లూ అటే ఉన్నాయి.

"ఎంత దూరమని కాదే మొద్దూ, ఎటు చూస్తున్నారని!" అని తనని తనే తిట్టుకుంది. ఎవరు ఎవర్ని చూస్తుంటే వాళ్ల కబురే అందేలా గబగబా మార్చేసింది.

కాలు దిగింది. నాన్నమ్మ చెలరేగిపోయింది. ఒకటే ఈలలు, కేరింతలు! అందరూ చూసేది ఒక్కరినే, మోయాల్సింది ఒక్కరి కబురే. సర్వర్ తొణకలేదు, బెణకలేదు.

చాటింపుకి సంతోషం పట్టలేదు. తనూ పట్టీలు బిగించి హాల్లోకి దూరింది. వెనక మూలలో తనని చూసేవాళ్లు లేరు, కాబట్టి తన కబురు ఎవరికీ పోదు. నలుగురూ నవ్వుతారని చిన్నప్పుడు నాన్నమ్మ క్లాసు ఎగ్గొట్టిన పిల్ల, ఆ మూలలో ఒళ్లు మరిచి గంతులేసింది.

ఆట అయ్యాక నాన్నమ్మ దగ్గరికి పరుగెత్తింది.

"శిష్యులందర్నీ చూశావా నాన్నమ్మా?"

"వాళ్లనేం చూస్తానే! ఆ వెనక మూల నిన్ను చూస్తూ ఆడాను," అంది నాన్నమ్మ ఆయాసపడుతూ. "ఎడమకాలు ఇంకా ఆలస్యంగానే పడుతోంది నీకు. ఆ కుర్చీ పక్కకి జరిపి ఇలా నిలబడు."