అత్తయ్య భుజమెక్కిన ఇగ్వానా

శంషాబాద్‌లో మా పై వాటాలో అద్దెకున్నవాళ్లు ఖాళీ చేస్తూ, పచ్చటి ఉడుములా ఉండే ఇగ్వానాను బోనులోనే వదిలేసి పోయారు. ఎముకలు తేలి, కళ్లు పీక్కుపోయి ఉంది.

"జర మీరు చూస్కోండక్కా, మా ఇంట్ల అందరు భయపడుతున్నరు" అంది ఇంటి ఓనరు షాహీన్.

పశువుల డాక్టరు చెప్పినట్టు ఎండలో ఉంచి, మునగాకు, మందారాలు పెట్టాను. ఒళ్లు చేసింది కానీ, చెయ్యి చాపితే మాత్రం తోకతో ఛెళ్లున కొట్టేది. "ఆ రాక్షసి బల్లికి సేవలేంటే!" అని మా అత్తయ్య రోజూ సణిగేవారు.

ఒకరోజు నేను బోను కడుగుతుంటే, ఇంటి మీదుగా విమానం మోత మోగించుకుంటూ పోయింది. బెదిరిపోయిన ఇగ్వానా పరుగున వెళ్లి, పీట మీద కూర్చున్న అత్తయ్య భుజమెక్కేసింది! దాన్ని దించబోయాను. ఆవిడ బిగుసుకుపోయి, "కదిలించకు! భుజం మీద బల్లి పడితే నగలొస్తాయి" అన్నారు.

అంతలో అది ఆవిడ తలలోని మందారం కోసం పైకి పాకింది.

"అమ్మో, తల మీదైతే ప్రాణగండం! దించవే!"

గబుక్కున ఆ పువ్వు తీసి చూపించాను. మొదటిసారిగా నా చేతి మీదికొచ్చి, నింపాదిగా తినేసింది.

నగలింకా రాలేదు. అయినా విమానం మోత వినిపిస్తే చాలు, అత్తయ్యే బోను తలుపు తీసి భుజం అందిస్తున్నారు. నగల కోసమేనట!