తోటికోడలి మీద కసితో కట్టిన గాజుతొట్టె

మా ఇంట్లోకి ఐదడుగుల చేపలతొట్టె వచ్చింది నా తోటికోడలు మా అమ్మాయిని కొట్టినందుకు. చూడవచ్చిన వాళ్ళందరికీ పిల్ల ముచ్చటపడిందని చెప్పేదాన్ని గానీ, అసలు సంగతి ఇదీ.

డెబ్బయ్యో దశకం చివరి రోజులు. తాటిపాక చుట్టుపక్కల చమురు, గ్యాసు పనులు జోరందుకుంటున్నాయి. మా ఆయన అన్నగారు బొంబాయిలో ఇంజనీరుగా ఉండి, ఆ పనుల మీద మళ్ళీ మా వైపుకు వచ్చి రాజోలులో ఇల్లు అద్దెకు తీసుకున్నారు. ఆయన భార్య, అంటే నా తోటికోడలు, బొంబాయిలోనే పుట్టి పెరిగిన మనిషి. ఆవిడ సామాన్లతో పాటు నాలుగడుగుల అక్వేరియం ఒకటి ఎండుగడ్డి చుట్టుకుని లారీలో వచ్చింది. మేము అమలాపురంలో ఉండేవాళ్ళం. మా ఆయన తాలూకా ఆఫీసులో గుమాస్తా, నేను ఆడపిల్లల హైస్కూల్లో సైన్సు టీచర్ని.

వాళ్ళబ్బాయి పుట్టినరోజుకి రాజోలు వెళ్ళాం. పాస్టరుగారు ప్రార్థన ముగించారు. కేకు ఇంకా కోయలేదు. మా అమ్మాయికి అప్పుడు ఐదేళ్ళు. అందరి కాళ్ళ మధ్య నుంచి దూరి వెళ్ళి, ఆ అక్వేరియం గాజుకు ముక్కు ఆనించి నిలబడింది. బంగారు రంగు చేప ఒకటి ఎదురుగా వచ్చేసరికి సంతోషం పట్టలేక అరచేత్తో గాజు మీద తట్టింది. అంతే. మా తోటికోడలు వచ్చి ఆ చేతి మీద ఒకటి, వీపు మీద ఒకటి వేసింది.

"పల్లెటూరి పిల్లలకి చేపంటే కూర ఒక్కటే తెలుసు," అంది వచ్చినవాళ్ళ వైపు తిరిగి. ఆఫీసర్ల భార్యలు నవ్వారు. మా ఆయన చేతిలోని కాఫీ కప్పులోకి చూసుకున్నాడు. మా బావగారు కొవ్వొత్తులు సర్దుతున్నట్టు నటించారు. పిల్ల ఏడవలేదు. నా దగ్గరికి వచ్చి నా చీర కుచ్చిళ్ళలో మొహం దాచుకుని, మేము బయల్దేరేదాకా ఎత్తలేదు.

తిరిగొచ్చే బస్సులో మా ఆయనతో అన్నాను, "ఆవిడ తొట్టెకంటే పెద్దది మనింట్లో పెడతాను."

"వదిన నోటి దురుసు తెలిసిందే గదా. వదిలెయ్యవే."

"నోటితో ఆగలేదు గదండీ."

ఆ తర్వాతి ఆదివారం గుడిలో పాస్టరుగారు క్షమాపణ గురించి చక్కగా చెప్పారు. నేను ఆ సేపంతా ఐదడుగుల తొట్టెకి గాజు ఎంత మందం ఉండాలో ఆలోచిస్తూ కూర్చున్నాను.

గేట్లు చేసే వెల్డింగ్ షాపులో ఇనుప చట్రం చేయించాను. గాజుపలకలకు కాకినాడ వెళ్ళాను. గోనెపట్టాలు చుట్టి, యానాం దగ్గర పంటు ఎక్కించి, గోదావరి దాటినంతసేపూ వాటిని చంటిబిడ్డలా ఒళ్ళో పట్టుకుని ఎదుర్లంక రేవులో దిగాను. చట్రంలో పలకలు బిగించి అంచులకు పుట్టీ పెట్టి నీళ్ళు పోశాం. రాత్రి బాగానే ఉంది. తెల్లారి లేచేసరికి మూలల్లోంచి నీళ్ళు కారి, హాల్లో ఉన్న బియ్యం బస్తా అడుగంతా నానిపోయింది. పుట్టీ ఆరకముందే తొందరపడ్డాను. గీకేసి మళ్ళీ పెట్టి, ఈసారి ఓపిగ్గా ఆరనిచ్చాను.

రెండోసారి నీళ్ళు నిలిచాయి. ఏటి ఇసుక కడిగి వేశాను, రాళ్ళు పేర్చాను, నాచుమొక్కలు నాటాను. మధ్యాహ్నం భోజనాలు చేస్తుంటే హాల్లో తుపాకీ పేలినట్టు చప్పుడైంది. వెళ్ళి చూస్తే ముందు పలక అడ్డంగా చీలిపోయి, ఇసుకా నీళ్ళూ వరదలా గుమ్మం దాటుతున్నాయి. తొట్టె కింద పెట్టిన బల్ల కాలు ఒకటి పొట్టిది. బరువంతా ఒక మూలకి పడింది. మా ఆయన తడిసిన పంచె ఎగ్గట్టుకుని అన్నాడు, "ఇంక చాలు గదే?"

"బల్ల మార్చాలండీ," అన్నాను.

మళ్ళీ కాకినాడ, మళ్ళీ పంటు. ఈసారి గాజుతో పాటు గాలి బుడగల మోటారు, ప్లాస్టిక్ సంచీల్లో బంగారు చేపలు కూడా తెచ్చాను. మునిసిపాలిటీ కుళాయి నీళ్ళలో బ్లీచింగు ఉంటుందని, డ్రమ్ముల్లో పట్టి ఎండలో ఉంచి మరీ పోశాను. చేపలు బతికాయి. మా అమ్మాయి స్కూలు నుంచి రాగానే దాని ముందు పీట వేసుకుని కూర్చునేది. ఇష్టమైనన్ని సార్లు గాజు మీద తట్టుకోమన్నాను.

సంగతి రాజోలుకి చేరింది. ఒకరోజు మా తోటికోడలు వచ్చింది, చేతిలో నీళ్ళ సీసా, అందులో రెండు ఏంజెల్ చేపలు. "పాపం, ఇంత కష్టపడ్డావు చెల్లీ. మంచి జాతివి నీ దగ్గరా ఉండనీ," అంది. నేను మనసులో కొంచెం మెత్తబడ్డాను కూడా. కొట్టినందుకు బాధపడి తెచ్చిందనుకున్నాను.

వారం తిరక్కుండా ఆ రెండింటి ఒంటి మీద ఉప్పు చల్లినట్టు తెల్ల చుక్కలు లేచాయి. తర్వాత నా బంగారు చేపల మీద. ఉప్పు వేశాను, నీళ్ళు మార్చాను, కాకినాడ కొట్టువాడు చెప్పిన నీలిమందు వేశాను. ఒక్కటీ మిగల్లేదు. మా అమ్మాయి వాటన్నిటినీ కొబ్బరిచెట్టు మొదట్లో పాతిపెట్టి, ఒక్కోదానికీ ఒక్కో గవ్వ పెట్టింది.

ఆ నెలలోనే ఏదో పని మీద రాజోలు వెళ్ళాను. వంటింట్లో మా తోటికోడలు పక్కింటావిడతో మాట్లాడుతోంది. నేను వచ్చినట్టు చూసుకోలేదు. "జబ్బు పట్టినవే. ఎలాగూ పారేసేవి గదా, మా తోటికోడలికి ఇచ్చి వచ్చాను," అని నవ్వింది. నేను రెండడుగులు వెనక్కి వేసి, మళ్ళీ చెప్పుల చప్పుడు చేసుకుంటూ లోపలికి వెళ్ళి, ఆవిడ ఇచ్చిన కాఫీ తాగాను. చాలా బాగుందని కూడా అన్నాను.

తొట్టె శుభ్రంగా కడిగి ఎండబెట్టాను. ఇక కొన్న చేపలు వద్దనుకున్నాను. కాలువల్లో పట్టిన పరిగెలు, రెండు బొమ్మిడాయిలు వేశాను. మన నీళ్ళు, మన చేపలు. వెండిరేకుల్లా మెరుస్తూ పరిగెలు గుంపుగా తిరుగుతుంటే, బొమ్మిడాయి ఇసుకలోంచి మూతి మాత్రం బయటపెట్టి చూసేది. వీధిలో వాళ్ళంతా వచ్చి చూసి వెళ్ళేవారు.

వానలు పడి చేలు నిండిన రోజుల్లో ఐ.పోలవరం వైపు మా పుట్టింటికి వెళ్ళాను. చేను గట్టు పక్క బోదె కాలవలో కుంకుమ కలిపినట్టు ఎర్రగా ఒక గుంపు కదులుతోంది. కొరమీను పిల్లలు. అగ్గిపుల్లంత ఉంటాయి, నిప్పుకణాల రంగు. కింద తల్లి కాపలా కాస్తుంటుంది. నెలా రెండు నెలలు పోతే ఆ ఎరుపు పోయి మట్టిరంగుకి వస్తాయి, కనిపించిన ప్రతి చేపనీ మింగుతాయి. మా ఊళ్ళో పుట్టిన ఎవరికైనా తెలిసిన విషయమే ఇది. తువ్వాలు వేసి తీసి, ఒక గాజుజాడీలో పోసి తెచ్చి, మా హాల్లో తొట్టె పక్కనే, కిటికీ వెలుతురు పడేచోట పెట్టాను. అప్పుడు మా బావగారినీ తోటికోడలినీ భోజనానికి పిలిచాను.

ఆవిడ తొట్టె వైపు ఒకసారి చూసి మూతి విరిచింది. జాడీ దగ్గర ఆగిపోయింది.

"ఇవేంటి? ఇంత ఎరుపు బొంబాయిలో కూడా చూళ్ళేదే! వీటి పేరేంటి?"

"పల్లెటూరి వాళ్ళం, పేర్లు మాకేం తెలుస్తాయి అక్కయ్యగారూ. మీకు కావాలా?"

"ఇచ్చేస్తావా?"

"ఆయ్. మీకు కాకపోతే ఎవరికండీ?"

మా బావగారు జాడీలోకి వంగి చూశారు. తర్వాత చేతులు కడుక్కుని భోజనానికి కూర్చున్నారు.

క్రిస్మస్‌కి రాజోలు వెళ్ళేసరికి ఆవిడ తొట్టెలో నీళ్ళు బోసిగా ఉన్నాయి. ఏంజెల్స్ లేవు, బంగారు చేపలు ఒకటో రెండో, అవీ తోకలు తెగి ఉన్నాయి. జబ్బేదో వచ్చిందని, బొంబాయికి మందు కోసం రాశానని మా తోటికోడలు అందరితో చెబుతోంది. మట్టిరంగు చేపలు మాత్రం జానెడు పెరిగి, అడుగున కదలకుండా పడుకుని ఉన్నాయి. హాలు నిండా చుట్టాలు, ఆఫీసర్ల భార్యలు. ఉన్నట్టుండి తొట్టె మూత టపామని లేచింది. ఒక చేప ఎగిరి తివాచీ మీద పడి, పాములా పాక్కుంటూ ఆడవాళ్ళ కాళ్ళ మధ్యకు వెళ్ళింది. ఒకావిడ కుర్చీ ఎక్కింది. మా తోటికోడలు "స్నేక్! స్నేక్!" అని అరుస్తూ గోడకు కరుచుకుపోయింది.

మా బావగారు వచ్చి తువ్వాలుతో దాన్ని పట్టుకున్నారు. "పాము కాదే, కొరమీను. నీ చేపలన్నిటినీ తిన్నది ఇదే," అన్నారు.

నేను నవ్వలేదు. నవ్వితే అక్కడితో అయిపోతుంది. ఆ మొహాన్ని తీరుబడిగా చూశాను.

సాయంత్రం చుట్టాలు వెళ్ళాక ఆవిడ నన్ను గదిలోకి లాక్కెళ్ళింది. "తెలిసే ఇచ్చావు గదూ? నేనేం చేశాను నీకు?"

"జబ్బు చేపలు ఇచ్చేరు. అదలా ఉంచండి. మా పిల్లని కొట్టేరు."

"ఏ పిల్లని? ఎప్పుడు?"

నటన కాదు. నిజంగానే గుర్తులేదు ఆవిడకి. ఇన్నాళ్ళూ గాజు మోసి, ఇసుక కడిగి, చచ్చిన చేపల్ని ఏరి నేను పెంచుకున్న కసి ఆవిడకు అసలు అందనేలేదు. పుట్టినరోజునాటి సంగతంతా విడమర్చి చెప్పాను, ఎక్కడ కొట్టిందో, ఏమందో, ఎవరు నవ్వారో. ఆవిడ మంచం మీద కూర్చుండిపోయింది. క్షమించమని అడగలేదు. నేనూ దాని కోసం ఆగలేదు.

బస్టాండు దాకా మా బావగారు తోడొచ్చారు. మా ఆయన పిల్లనెత్తుకుని ముందు నడుస్తున్నాడు.

"జాడీలో చూసినప్పుడే పోల్చేనమ్మా," అన్నారు ఆయన.

"మరి చెప్పలేదేమండీ?"

"ఆ రోజు పిల్లకి దెబ్బలు పడ్డప్పుడు నోరెత్తలేకపోయేను గదా. సరే, ఇదైనా జరగనీ అనుకున్నాను."

మంచిమాటే అన్నానని అనుకున్నారేమో. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. ఆయన చెయ్యాల్సిన పని చేపల చేత, నా చేత చేయించుకుని ఇప్పుడు తేలికపడుతున్నారు. "పిల్ల అదిగో ముందుంది. వెళ్ళి దానితో చెప్పండి," అన్నాను. ఆయన ఆగిపోయారు. బస్సు వచ్చింది, మేము ఎక్కేశాం.

రెండేళ్ళకి వాళ్ళకి మళ్ళీ బదిలీ అయింది. ఆ నాలుగడుగుల అక్వేరియం ఖాళీగానే వెళ్ళింది. మా తొట్టె ఎనభయ్యో దశకమంతా హాల్లోనే ఉంది. పరిగెలు పోతే మళ్ళీ పరిగెలే తెచ్చేదాన్ని. మా తోటికోడలూ నేనూ పెళ్ళిళ్ళలో కలిస్తే ఒకే బంతిలో కూర్చుంటాం. ఆవిడ నా విస్తరి వైపు కూర జరుపుతుంది, నేను తీసుకుంటాను. అంతకుమించి ఒక్క అంగుళం కూడా జరగలేదు నేను.