ఊఁ కొట్టని మధ్యాహ్నం

కొరియా జానపద కథలను ఇంగ్లీషు చదివే పిల్లల కోసం దిద్దడం నా పని. కోయంబత్తూరులో ఇంట్లో కూర్చునే చేస్తాను. అసలు కథలో పులి అవ్వను తినేస్తుంది, నా చేతిలో పడ్డాక సిగ్గుపడి అడవికి పోతుంది. బియ్యప్పిండి రొట్టె కేకు అవుతుంది. ఒక కథలో ముసలామె మాటల మధ్య, వింటున్న మనవరాలు వాక్యానికొకసారి "ఆఁ, తర్వాత?" అనడం కూడా అనువాదకులు వదలకుండా రాసి పంపారు. అడ్డమని అన్నీ కొట్టేశాను. శుభ్రంగా ఉందని ప్రచురణవాళ్ళు మెచ్చుకున్నారు.

ఆ పొగరుతోనే అమ్మ చెప్పే కథనూ ఇంగ్లీషులో పెడదామనుకున్నాను. పొలానికి సద్ది మోసుకుపోతున్న తల్లిని ఏరు అడ్డగించి, దారి కావాలంటే నెత్తిమీది కుండ ఇమ్మంటుంది. తర్వాత చేతి గాజులు. ఆఖరికి చంకలోని బిడ్డ. చిన్నప్పుడు ఎన్నిసార్లు విన్నా, బిడ్డ దగ్గరికొచ్చేసరికి నాకు నిద్ర పట్టేసేది.

పోయినేడాది ఒక మధ్యాహ్నం ఫోను ముందు పెట్టి చెప్పమన్నాను. నా గొంతు రికార్డులో పడకూడదని నోరు మూసుకున్నాను. ఏరు బిడ్డనడిగింది. అమ్మ ఆగింది.

"ఏమే, నిద్దరపోతివా?"

తల అడ్డంగా ఊపి ఫోను చూపించాను.

"ఊఁ కొట్టకుంటే కత ఎట్ల నడుస్తుందే? గోడకా చెప్పేది?"

"దీంట్లో నా గొంతు సత్తం పడకూడదమ్మా. నువ్వు చెప్పు."

"పో, నీ మిషనే ఊఁ కొడితే అప్పుడు చెప్పేను," అని లేచి మిరపకాయల తొడిమలు తీయడానికి పోయింది. నాకూ కోపమొచ్చింది. రేపు చూద్దాంలే అనుకున్నాను. రేపు రేపంటూ నెల గడిపాను. నా బుద్ధి కాలిపోను.

తర్వాత పక్షవాతమొచ్చి అమ్మకు మాట పోయింది. ఇక రాదని డాక్టరు చెప్పాడు. అమ్మకు రాయడం రాదు. మదురైలో ఉన్న పిన్నికి ఫోన్ చేస్తే, "మరిచిపోతిని పాపా, అక్కకే బాగా తెలుసు," అంది.

ఏరు జాలిపడి దారిచ్చిందని రాసేయమన్నారు ప్రచురణవాళ్ళు. నాకది రెండు నిమిషాల పని. ఎన్ని కథలకు చేశానో. దీనికి మాత్రం చెయ్యి రాలేదు.

ఇప్పుడు రోజూ అమ్మకు గంజి తాగిస్తూ ఆ కథ నేనే చెబుతున్నాను. అమ్మకు మిగిలిన శబ్దం ఒక్కటే. కుండ ఇచ్చింది అంటే "ఊఁ" అంటుంది. గాజులిచ్చింది అంటే "ఊఁ." ఏరు బిడ్డనడిగింది అనేసరికి ఊఁ కొట్టి, నా మొహంలోకే చూస్తూ ఉంటుంది.

"బిడ్డనిచ్చిందా అమ్మా?"

"ఊఁ."

"ఇవ్వలేదా?"

"ఊఁ."