మధ్యలో ఆపిన ఆపరేషన్

ప్రొద్దుటూరు నుంచి పులివెందుల పోయే బస్సులో నా పక్కన ఒక టీచరమ్మ కూర్చుంది. కుడిచెవికి కట్టు ఉంది.

"ఆపరేషనామ్మా?" అని అడిగాను. బస్సు మోతలోనూ ఆవిడకు వినపడింది.

"మోతలోనే బాగా వినపడుతుందప్పా. క్లాసులో పిల్లోళ్లు మెల్లగా మాట్లాడితేనే తెలీదు" అంది. "చెవి లోపల బియ్యపు గింజలో సగం ఉండే ఎముక బిగుసుకపోయింది. దాన్ని తీసి, పిస్టన్ అని సన్న పుల్లలాంటిది పెడతామన్నారు."

"పెట్టారా?"

"లేదప్పా. చెవికి మాత్రమే మత్తిచ్చినారు, నాకు అంతా తెలుస్తానే ఉండాది. డాక్టరు ఉన్నట్టుండి చెయ్యి ఆపినాడు. మూతిని ఆడించే నరం ఆ ఎముక మీదే పడి ఉండాదంట. 'ముందుకు పోతే నీ మూతి వంకరపోవచ్చమ్మా. నేను చెయ్యలేను, మూసేస్తాండా' అన్నాడు. శానా ఏడిస్తి. బయటికి పోయి నా కొడుక్కి గూడా ఆయప్పే చెప్పినాడు, ఎవుర్నీ పంపల్యా."

"డాక్టరు మీద కోపం రాలేదా?"

"యాడ వస్తాది? చెయ్యలేనని చెప్పేదానికి ఆయప్పకు గొంతు వణికింది."

సోమవారం నుంచి బడికి పోతానని, కట్టు విప్పాక వినికిడి మెషిన్ పెట్టుకుంటానని అంది. తొండూరులో దిగిపోయింది.

నేనూ ఆపరేషన్లు చేసే డాక్టర్నేనని ఆవిడకు చెప్పలేదు. నెల తర్వాత ఒక పెద్దాయన పొట్ట తెరిచి, గడ్డ తీయడం ప్రాణానికే ప్రమాదమని తెలిసి, మూసేశాను. అలాంటప్పుడు ఇంటివాళ్లకు చెప్పడానికి ఎప్పుడూ జూనియర్‌ని పంపేవాణ్ణి. ఆ రోజు నేనే బయటికి వచ్చి, ఆయన భార్య పక్కన బెంచీ మీద కూర్చున్నాను.