గుర్రపు వెంట్రుకల తీగ

అడిస్ అబాబాలో మా తేనెసారా దుకాణంలో జెనెబెచ్ పియానో వాయించేది. ఎడమచేత్తో జాజ్, కుడిచేత్తో వాళ్ల నాన్న వొర్కుగారు పాడిన పాత పాటలు. ప్రతి చరణం తర్వాత చేతులు ఒళ్లో పెట్టుకుని కాసేపు ఆగేది. బతికున్నప్పుడు ఆయన తన ఒంటితీగ వాద్యం మసింకోతో బదులిచ్చిన చోటు అది. మాకందరికీ తెలుసు కాబట్టి ఆ కాసేపూ గ్లాసు చప్పుడు కూడా కానిచ్చేవాళ్లం కాదు.

కొత్తగా వచ్చిన శాక్సఫోన్ కుర్రాడు తెఫెరాకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. మొదటి సాయంత్రమే ఆ ఖాళీలో దూరి వాయించేశాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆమె మాత్రం నెమ్మదిగా, "అక్కడ మా నాన్న వాయిస్తాడు తమ్ముడూ, నువ్వాగు," అంది.

నవ్వు ఆపుకుంటూ ఆగడం నేర్చుకున్నాడు వాడు. ఒకనాడు జోరువాన. ఆమె ఆగి మళ్లీ మొదలుపెట్టబోతుంటే నాకు కన్నుకొట్టి, "ఏంటక్కా, మీ నాన్న ఇవాళ శ్రుతి తప్పాడు?" అన్నాడు.

జెనెబెచ్ తలెత్తలేదు. "గుర్రపు వెంట్రుకల తీగ కదా, చెమ్మకు వదులవుతుంది. అయితే నీకూ వినిపిస్తోందన్నమాట," అంది.

తగిన శాస్తి జరిగిందనుకుంటూ తెఫెరా వైపు చూశాను. వాడి మొహంలో నెత్తుటి చుక్క లేదు.